ముహూర్తపు రికార్డు

శుభకార్యాలను ఎర్ర సిరాతో, తక్కినవాటిని నల్ల సిరాతో రాసుకోవడం నాకు ఏళ్ళనాటి అలవాటు. నిన్నటి పెళ్ళి గురించి రాయబోయి, ఏ కలం తీయాలో తోచక డైరీ మూసేశాను.

మా మేనత్త భర్త, అంటే మావయ్య, మలేషియాలో పుట్టి, వంతెన దాటి ఈ ద్వీపదేశంలోని సెంబవాంగ్ ఓడల యార్డుకు వెల్డరుగా వచ్చారు. మరమ్మతుకు వచ్చిన ఓడలోని ఘనా నావికుడొకడు వారింట చేపల పులుసుకు అలవాటుపడి, వెళ్తూ వెళ్తూ ఒక గ్రామఫోను రికార్డు ఇచ్చాడు. మాకు తెలియని భాషలో పాట, గిటార్లు, బాకాలు, వాటి వెంట గుండెను తట్టే డప్పు. మావయ్య దానిని నూనె మరకల చేతులతో, చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తేవారు. వారి కూతురి పెళ్ళినాడు మలేషియా వైపున్న జొహోర్ నుంచి రావలసిన నాదస్వరం మేళం సరిహద్దు వంతెన మీదే చిక్కుకుంది. ముహూర్తం ఆగదు. "వాద్యం లేకుండా తాళి కట్టిస్తామా?" అంటూ మావయ్య ఆ రికార్డు పెట్టేశారు. అప్పటినుంచి మా ఇళ్ళలో అదే మంగళవాద్యం. నా పెళ్ళికీ అదే.

పోయిన వారం సైన్స్ పార్కులోని మా ఆఫీసులో ఒక డాక్యుమెంటరీ వేశారు. ఆఫ్రికా దేశాలన్నీ ఒక్కటి కావాలని పాటలు కట్టినవారు, బొమ్మలు వేసినవారు, సినిమాలు తీసినవారు అందులో కనిపించారు. తెరమీద ఒక శవపేటిక వెనుక జనం పాడుతూ నడుస్తున్నారు. అది మా పెళ్ళిపాట! పక్కనున్న, నాతో పనిచేసే ఘనా మిత్రుణ్ణి ఇదేం పాటని అడిగాను.

"స్వాతంత్ర్యం కోసం జైల్లో పోయినవాళ్ళను సాగనంపుతూ పాడారు. జెండా ఎగరేస్తూనూ పాడారు. పక్క దేశాలవాళ్ళు తమ భాషల్లో పాడుకున్నారు. మనమంతా ఒకే ఇల్లని దాని అర్థం," అన్నాడు.

"ఇంతకీ శుభమా, అశుభమా?"

"రెండింటికీ వేరువేరు పాటలు కట్టుకునే తీరిక మాకెక్కడిది?"

మావయ్య మనవరాలి పెళ్ళి వారంలో ఉంది. బిషాన్‌లోని వారి ఫ్లాటుకు పరుగెత్తాను. అత్తయ్య మెత్తని గుడ్డతో ఆ రికార్డే తుడుస్తోంది. అంతా విని నవ్వింది.

"చావుపాటైతే నీ పెళ్ళాం నిన్ను ఇన్నాళ్ళు భరించేదట్రా?" అంది. ఆపై గొంతు తగ్గించి, "ఆయన ఎటూ లేరు. ఇదీ మానేస్తే, పీటల దగ్గర ఆయన తరఫున ఎవర్రా ఉండేది?" అంది.

పెళ్ళికూతురు ఫోను మీంచి తలెత్తకుండానే, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో తీర్పు చెప్పింది: "తాతయ్య సాంగ్ కావాలి లా, అంకుల్."

నిన్న తాళి కట్టే వేళ సూది గరగరమంది, బాకాలు మోగాయి. నేను పిలిచిన ఘనా మిత్రుడు లేచి, గుండెమీద చెయ్యి వేసుకుని గొంతు కలిపాడు. అతని చెంపలు తడిసి ఉన్నాయి. అత్తయ్య నా మోచేతిని పొడిచింది.

"చూశావా, మన పెళ్ళిపాట ఆయనకీ వచ్చు!"

నేను ఎవరి ముఖం చూడాలో తెలియక నిలబడ్డాను. మూడు ముళ్ళూ పడ్డాయి. అక్షింతలు నా పిడికిట్లోనే ఉండిపోయాయి. ఒక ఒడ్డున దుఃఖమై బయలుదేరినది మరొక ఒడ్డున మంగళవాద్యంగా ఎప్పుడు మారిందో, అసలు మారిందో లేదో, కాలం ఏ సిరాతోనూ రాసి ఉంచలేదు.