గుమ్మం ముందు ఆగిన గంట

రండి అక్కల్లారా, చాప మీద దగ్గరగా కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు. మొన్న మిడిల్ పాయింటు బజారులో కొన్న ప్లాస్టిక్ గంటలను గరాచర్మలోని మా గుమ్మానికి కడుతూ, క్రిస్మస్‌కి గంటలెందుకు అమ్మమ్మా అని మనవరాలు అడిగింది. గడియారాలు లేని కాలంలో ఆరాధనకు గంట కొట్టి పిలిచేవారని, రక్షకుడు పుట్టిన కబురు అందరికీ చేరాలని పండగనాడు ఇంకాసేపు మోగించేవారని, చిన్నప్పుడు పాస్టరమ్మగారు చెప్పిందే చెప్పాను. దానికి చెప్పనిది మీకు చెబుతాను.

మేము సముద్రం ఒడ్డున మిన్నీ బేలో ఉన్న రోజుల్లో, డిసెంబరు సాయంత్రాలు మా తెలుగు సంఘంవాళ్ళు ఇంటింటికీ పాడుతూ వచ్చేవారు. ముందు నడిచి చేతిగంట మోగించేది మా అన్న. ఆ ఏడు చావు చూసిన ఇంటి ముందు మాత్రం గంట మోగకుండా దాని నాలుకను గుప్పిట పట్టి, మెల్లగా ఒక పాట పాడి, ప్రార్థన చేసి కదిలేవారు. మా ఇంటికి వచ్చేసరికి అన్న అమ్మ చేసిన అరిసె కొరికి, దీనికన్నా గంట నాలుకే మెత్తన అని అందరినీ నవ్వించేవాడు. అమ్మ తిడుతూనే ఇంకో రెండు వాడి జేబులో కుక్కేది.

ఒక వానాకాలం అన్న డోంగీ వేసుకుని చేపలకు వెళ్ళాడు. పడవ దొరికింది, వాడు దొరకలేదు. అందరూ ఏడ్చినా అమ్మ ఏడవలేదు. ఆ డిసెంబరులో, వాడి బదులు గంట మోస్తున్న సంఘపెద్ద మా గుమ్మం ముందు నాలుకను గుప్పిట పట్టేసరికి, అమ్మ అరిసెల పళ్ళెంతోనే బయటికి వచ్చింది.

“గంట నాలుక ఒగ్గీండి భయ్యా, మోగనీండి. ఆడు రాలేదు, అంతే. రానోడు పోయినోడైపోతాడేటి?”

ఆయన మోగించాడు. ఎవరికీ పాట సరిగ్గా రాలేదు.

ఆ తరువాత ఏడంతా, ఓడ కూత వినబడినప్పుడల్లా, ఏ ఓడవాళ్ళయినా వాణ్ణి ఎక్కించుకుని తెచ్చారేమోనని అమ్మ జెట్టీకి పరుగెత్తేది. రానురాను నడిచి వెళ్ళేది, ఆపైన గుమ్మంలోంచే చూసేది. మళ్ళీ డిసెంబరు వచ్చినప్పుడు, అమ్మ మనసు నొప్పించకూడదని పెద్దాయన దూరం నుంచే గంట మోగించుకుంటూ వచ్చాడు. అమ్మ మెట్లు దిగి, మోగుతున్న గంటలో చెయ్యిపెట్టి, నాలుకను తానే పట్టుకుంది.

“ఈయేడు పాటొక్కటే సాలు, భయ్యా.”

అప్పుడు ఏడ్చింది. పాట అయ్యేదాకా ఆ చెయ్యి వదలలేదు.

ఇప్పుడు పాటలవాళ్ళు బండిలో స్పీకర్లు పెట్టుకుని వస్తారు. పిల్లలు బాగానే పాడతారు, తప్పు పట్టను. ఏ ఇంట్లో ఎవరు తక్కువయ్యారో తెలియక అన్ని గుమ్మాలనూ ఒకేలా దాటిపోతారు, అంతే. మీ గుమ్మం ముందు గంట ఆగే ఏడు రాకుండును గాక. వస్తే, దాన్ని ఆపడానికి ఒక చెయ్యి ఉండును గాక.