ఆనెకాయ అనుకున్నది

రామన్నపేటలో మాకున్నది ఒక్కటే గుంటమగ్గం. నేనూ బాపూ వంతులవారీగా కూర్చొని నేసేవాళ్లం. చెప్పుకాలితో మగ్గం గుంటలోకి దిగడం మా ఇంట్లో మహాపాపం. అందుకని గుంటలోని చెక్కలను ఇద్దరం ఉత్తకాళ్లతోనే తొక్కేవాళ్లం.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నా కుడి అరికాల్లో ఏదో గట్టిగా లేచింది. చెక్క తొక్కినప్పుడల్లా ముల్లు దిగినట్టుండేది. బాపు చూసి, "గిది ఆనెకాయ బిడ్డా, ఫికర్ జెయ్యకు" అని పోగులు కోసే బ్లేడుతో పైపైన చెక్కేశాడు. తన కాలి పగుళ్లు చెక్కుకునేదీ ఆ బ్లేడుతోనే. నెల తిరిగేసరికి నాకు ఒకటి కాస్తా నాలుగయ్యాయి.

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ లోపలి నల్లచుక్కలు చూపించి, ఇది పులిపిరి అని చెప్పింది. వైరస్ వల్ల వస్తుందట, కోసిన కొద్దీ అంటుకుంటుందట. వేడినీళ్లలో కాలు నానబెట్టి, గరుకు రాయితో మెల్లగా రుద్ది, సరిగ్గా దాని మీదే మందు చుక్క పెట్టాలి. రాయి, తువ్వాలు ఎవరివి వాళ్లకే ఉండాలి. "నెలలు పడతది, ఓపిక పట్టు. షుగర్ ఉన్నోళ్లు మాత్రం గీ మందు ముట్టొద్దు" అంది. బాపుకు ఎప్పటినుంచో షుగర్.

ఆ చివరి మాట ఇంట్లో చెప్పనేలేదు. నాకు ముక్కు మీద కోపం. గడప దాటుతూనే, "నీ బ్లేడే గింత పని జేసింది. నువ్వేమన్న డాక్టరువా?" అని అరిచాను.

మూడు నెలలకు నా అరికాలు నున్నబడింది. మందు సీసా మాత్రం నేను వాడినదానికంటే తొందరగా అయిపోయింది. ఎందుకో ఆలోచించలేదు. బాపు కుంటుతుంటే మోకాళ్ల నొప్పులనుకున్నాను. ఒక పొద్దున మగ్గం చెక్క మీద చీము మరక చూసి, వద్దంటున్నా వినక ఆయన కాలు పట్టి తిప్పాను. చిటికెన వేలి కింద పులిపిరి లేచిన చోట పుండు పడి నల్లబడింది.

దవాఖానకు తీసుకెళ్తే వేలు తీసేయక తప్పదన్నారు. డాక్టరమ్మకు కోపమొచ్చింది. "ఇన్నాళ్లు ఎందుకు దాచినవు పెద్దాయనా?" అని గద్దించింది.

బాపు నా దిక్కు చూడకుండా, "బిడ్డ కోపం జేస్తదని అమ్మా" అన్నాడు.