డాడో అంటే కంపెనీ పేరు కాదు

పాత వంటగదుల్ని కొత్తగా మార్చి ఇచ్చే ఒక కాంట్రాక్టరు దగ్గర ఆమె టైపిస్టు. ఆయన కోడిగీతల్లో రాసిచ్చే ఎస్టిమేట్లను పంతొమ్మిదేళ్లుగా పొల్లుపోకుండా టైపు చేస్తూనే ఉంది గానీ, అందులోని వస్తువుల్లో సగం కంటితో చూసి ఎరగదు. డాడో అంటే టైల్సు కంపెనీ పేరే అనుకునేది.

ఒక సోమవారం కాంట్రాక్టరు లేని సమయంలో ఒక పెద్దావిడ ఎస్టిమేటు పట్టుకుని వచ్చింది.

"అమ్మాయ్, ఈ స్కర్టింగు అన్నది గోడకా, అలమారకా? అదేంటో తెలీకుండా నేను సంతకం పెట్టను."

రేపు కనుక్కుని ఫోన్ చేస్తానని టైపిస్టు ఆవిడను పంపించింది గానీ, తనకే తెలియకపోవడం ఆ రోజంతా బుర్ర తొలిచేసింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా సంచిలో వేసుకుని, రెండు వీధుల అవతల పని జరుగుతున్న ఇంటికి వెళ్లింది. అక్కడి వడ్రంగిని అందరూ అరంగుళం అంటారు. ఎవరు ఏ కొలత చెప్పినా అరంగుళం తేడా ఉందంటాడు మరి. కాగితంలోని మాటలన్నీ ఒక్కొక్కటే చూపించమంటే ముందు నవ్వి, తర్వాత రంపం పక్కన పెట్టాడు. నూనె చిందినా తుడుచుకోవడానికి వీలుగా వంటగట్టు వెనక గోడకు అతికించే టైల్సే డాడో. గట్టు కింది అలమారలకు అడుగున, నేలకు ఆనించి బిగించే పట్టీ స్కర్టింగు. అది తలుపుల కంటే మూడంగుళాలు లోపలికి ఎందుకుందో ఆమెకు అంతుపట్టలేదు. చతికిలబడి ఆ సందులోకి చెయ్యి పెట్టి చూసింది.

"చేత్తో కాదక్కా, లేచి నిలబడి చూడు," అన్నాడు అరంగుళం.

నిలబడితే కాలివేళ్లు సందులోకి వెళ్లాయి, ఒంగనక్కర లేకుండా గట్టు దగ్గరకొచ్చింది. తన ఇంట్లో అలమార తలుపులు నేలదాకా ఉంటాయి. అత్తగారూ తనూ గట్టుకు జానెడు దూరంలో నిలబడి, ముందుకు ఒంగి కూరలు తరుగుతారు. ఇద్దరికీ నడుంనొప్పి ఒకే చోట. అది వంశపారంపర్యమని భర్త వేళాకోళం.

ఆ సాయంత్రమే పెద్దావిడకు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆవిడ శ్రద్ధగా విని, అయితే లాఫ్ట్ అంటే అటకేనా అని అడిగింది.

ఆదివారం అరంగుళం టైపిస్టు ఇంటికి వచ్చి, కాలివేళ్లు దూరేలా అలమార తలుపుల అడుగు కోస్తుంటే అత్తగారు గుమ్మంలో నిలబడింది.

"చెక్క కోస్తే నడుంనొప్పి తగ్గుతుందని ఏ డాక్టరు చెప్పాడే?"

పని పూర్తయ్యాక మాత్రం తనే చాకు అందుకుంది. గట్టు మీద రెండు బంగాళాదుంపలు తరిగి, ఇంకో రెండు ఇమ్మంది. నొప్పి సగం తగ్గిందని ఒప్పుకోవడానికి నెల పట్టింది.

అప్పటినుంచి టైపిస్టు ఎస్టిమేట్లలో ప్రతి మాట కిందా అదేమిటో, ఎందుకో ఒక వాక్యం చేరుస్తోంది. ఒక పేజీ మూడు పేజీలైందని కాంట్రాక్టరు సణిగాడు. తర్వాత, చదివినవాళ్లు మధ్యలో పని మార్చమనడం లేదని గమనించి ఊరుకున్నాడు.

మొన్న ఒక ఇంట్లో సింకు కింద పైపు ఎందుకు వంకర తిరిగిందని పైపుల మేస్త్రీ చేత విప్పించి మరీ చూసింది. ఆ వంపులో నిలిచిన కాసిని నీళ్లే మురుగు వాసనను ఇంట్లోకి రాకుండా ఆపుతాయట. దాన్ని ఒక్క వాక్యంలో ఎలా రాయాలా అని ఆలోచిస్తోంది.