కొమ్మ పట్టిన ఏనుగు

నిన్న తిరుపతి వీధిలో గుడి ఏనుగు వేపమండతో ఈగలు తోలుకుంటుంటే, ఈ వయసులో ఆగి చప్పట్లు కొట్టాను.

పందొమ్మిదివందల నలభైలలో కార్వేటినగరం బడిలో మా పంతులు, మాంసం వండే ఇంటివాణ్ణని నన్ను నిలబెట్టి, "పనిముట్టు పట్టేవాడు మనిషి, మాంసం తినేది మృగం. మరి నువ్వేందిరా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. ఆ దినం నుంచి నేను పొట్టేలు కూర ముట్టలేదు. తోక మొలుస్తోందేమోనని నడుం కింద తడుముకునేవాణ్ణి. నాకు గాలి సోకిందని అమ్మ దిగులుపడింది.

ఒకనాడు జమీందారు ఏనుగు మా వీధికి వచ్చింది. చింతకొమ్మ విరిచింది, అడ్డంగా ఉన్న రెమ్మలను కాలితో తొక్కిపట్టి పీకేసింది, ఆ కర్రతో కడుపు కింద గోక్కుంది! నా గుండె ఎగిరి గంతేసింది. పనిముట్టు పట్టింది, మాంసం తినదు. పంతులు లెక్కన అది మనిషే గదా!

"మామా, ఇది మనిషా?" అని మావటిని అడిగాను.

"మనిషైతే నా మాట యాడ ఇంటాది రా!" అని నవ్వినాడు.

అంటే పంతులు లెక్కే తప్పు! ఒక్క పరుగున ఇల్లు చేరి అరిచాను.

"అమ్మా, నేను మనిషినే! కూర పెట్టు!"

అమ్మ నా ముఖం చూసి నవ్వింది. "మనిషివైతే చెయ్యి కడుక్కోని రా నాయనా."

బడి మానేసినా, చేతికందిన పుస్తకమల్లా చదివాను. మృగాల పేరు చెప్పి పంతులు మా కులాన్ని తక్కువచేసి వేరుపెట్టాడని అప్పుడు తెలిసింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఆనాటి కూర రుచీ నాలుకను వదల్లేదు.