రేకులు మారే కమ్మలు

రాజాం బజారులో కాశీవిశ్వనాథం గారి బంగారం కొట్టుకు వెనక ఒక గది ఉండేది. కొట్టుకీ గదికీ మధ్య ఒక తలుపు. ఆ తలుపు చాటున కూచుని, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు చెవులకు ఏం పెట్టుకోవాలో కొన్నేళ్లపాటు నిర్ణయించిన మనిషి ఆయన పెద్ద కోడలు గౌరి.

గౌరి పొందూరు పిల్ల. పుట్టింటివాళ్లు నేత బట్టల వర్తకులు. నేతగాళ్లు అంచులు మార్చి మార్చి నేస్తూంటే చూస్తూ పెరిగింది. పెళ్లయి రాజాం వచ్చాక అంచుల సంగతి మరిచిపోయింది. మొగుడు నగరేశ్వరరావు కెంపుల బేరం మీద రంగూను వెళ్లి వస్తూండేవాడు. మన వైపు వాళ్లు రంగం అనేవారు. ఏడాదికోసారి వచ్చేవాడు, రెండు నెలలుండేవాడు, మళ్లీ ఓడెక్కేవాడు. పిల్లలు కలగలేదు. ఆఖరిసారి వెళ్లినప్పుడు, వచ్చే ఏడు ఆమెను కూడా తీసుకెళతానన్నాడు. ఆమె సరేనంది.

ఆ వచ్చే ఏడు రంగం మీద జపానువాళ్ల బాంబులు పడ్డాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. వేసంకాలం వచ్చేసరికి విశాఖపట్నం మీద కూడా పడ్డాయి. అక్కణ్ణుంచి జనం పెట్టే బేడా సర్దుకుని బొబ్బిలి, సాలూరు, రాజాం చేరారు. ఆ రోజుల్లోనే రంగం నుంచి కాలినడకన కొండలు దాటి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఊళ్లకు చేరడం మొదలుపెట్టారు. వాళ్ల కాళ్లు చూస్తే వాళ్లని ఏమీ అడగబుద్ధయ్యేది కాదు. అయినా కాశీవిశ్వనాథం అడిగాడు. ఒకడు, మీ అబ్బాయి ఓడెక్కడం చూశానన్నాడు. మరొకడు రంగానికి పైనున్న ప్రోము ఊరి దారిలో చూశానన్నాడు. ఇంకొకడు, పోయాడని విన్నానని చెప్పి, మళ్లీ తనే, ఆయన మీ అబ్బాయో కాదో నాకు తెలీదన్నాడు.

ఆ రాత్రి అత్తగారు పరమేశ్వరమ్మ గోడకు తల కొట్టుకుని ఏడ్చింది. గౌరి ఆవిడ తల పట్టుకుని కూచుంది. తనకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని మర్నాడు చూసింది, ఆ మర్నాడు చూసింది. రాలేదు. ఇడ్లీకి రుబ్బింది, మడిబట్ట తడిపింది, దీపం పెట్టింది. పొయ్యి దగ్గర వేలు కాలితే బొబ్బ తేలాక గాని చూసుకోలేదు.

"నిజమైన కబురొచ్చేదాకా నా కోడలు ముత్తైదువే. ఈ ఇంట్లో ఇంకో మాట ఎవరూ అనకూడదు," అని కాశీవిశ్వనాథం తేల్చేశాడు. గౌరి బొట్టు పెట్టుకోవడం మానలేదు. ఎందుకు పెట్టుకుంటున్నదీ ఆలోచించలేదు.

కొట్టు అరుగు మీద కుంపటి పెట్టుకుని అప్పలాచారి అనే కంసాలి పని చేసేవాడు. కాశీవిశ్వనాథం తండ్రి నాటినుంచీ ఆ కొట్టును నమ్ముకున్నవాడు. ఒకనాటి మధ్యాహ్నం ధాన్యం వర్తకుల ఇంటి లక్ష్మణమ్మ తన ఎర్రరాళ్ల కమ్మలు పట్టుకొచ్చింది. వాటిని కరిగించి తెల్లరాళ్లవి చేయించాలని ఆవిడ కోరిక. తెల్లరాళ్లు మేనకోడలి చెవులకు చూసిందట. కానీ కమ్మలు చేతిలోంచి దించదు.

"ఎర్రవి మా అమ్మ పెట్టినవి. తీసేస్తే మనసొప్పదు. ఉంచుకుంటే ఆ పచ్చకోక మీదకి బాగోవు. ఏటి సెయ్యమంటావు ఆచారీ?"

"నన్నేటి సెయ్యమంటారు తల్లీ? కరిగిస్తే ఓపాలి తరుగు పోతాది. మళ్లీ మనసు మారితే మళ్లీ పోతాది. బంగారం సూస్తే మండిపోతన్నాది గదా."

ఈ మాటే అటూ ఇటూ తిప్పి తిప్పి గంటసేపు మాట్లాడుకున్నారు. తలుపు వెనక బియ్యం ఏరుతున్న గౌరికి ఆ గొంతులు ఆగితే బాగుండుననిపించింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

"రెండూ ఉంచుకోండి," అంది లోపలినుంచే. "నడిమి రాయి అలగే ఉంటాది. సుట్టూ రేకులే మారతాయి. ఎర్రవి ఓ జత, తెల్లవి ఓ జత."

కోడలు బయటివాళ్ల ముందు నోరు తెరిచి చాలా నెలలయింది. కాశీవిశ్వనాథం అటు తిరిగి చూశాడు.

"మారడమంటే ఎలగమ్మా?" అన్నాడు అప్పలాచారి.

గౌరి తన మరిది కొడుకు పలక తెచ్చి దాని మీద గీసింది. చెవిలోకి దిగే కాడ ఒకటి. దాని మీద రేకుల చుట్టు, నడుమ చిల్లుతో, పువ్వులాగ. దాని మీద నడిమి రాయి, వెనక మరతో. రాయి మర విప్పితే రేకుల చుట్టు ఊడి వస్తుంది. ఇంకో చుట్టు పెట్టి మళ్లీ బిగించుకోవచ్చు. బీరువాలో అయిదారు చుట్లున్నా కాడ ఒక్కటే, నడిమి రాయి ఒక్కటే.

అప్పలాచారి పలకను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "అవుతాది," అన్నాడు.

అంత సులువుగా అవలేదు. మొదటి జత మర నాలుగుసార్లు తిప్పేసరికి అరిగిపోయింది. మెత్తటి బంగారం మర పట్టదు. కాడకు మాత్రం రాగి కొంచెం ఎక్కువ కలిపితే నిలిచింది. తరవాత ఇంకో చిక్కు వచ్చింది. లక్ష్మణమ్మ పేరంటానికి వెళ్లి వచ్చి కమ్మలు ముందు పడేసింది.

"ఇదేటి ఆచారీ! నడుస్తుంటే రేకులు గిర్రున తిరిగిపోతన్నాయి. ఓ సెవికి పువ్వు నిలబడతాది, ఓ సెవికి తలకిందులు. ఆళ్లంతా నవ్వినారు."

అప్పలాచారి తల గోక్కున్నాడు. కిరసనాయిలు దొరక్క ఆ ఇంట్లో లాంతర్లు చాలావరకు ఊరికే వేలాడుతుండేవి. వెలిగించని లాంతరునైనా రోజూ తుడవడం గౌరికి అలవాటు. ఆ సాయంత్రం తుడుస్తూంటే వత్తి ఉండే బుర్ర నూనె బుడ్డి గాడిలో పడి టక్కున నిలిచింది. చెయ్యి ఆపి మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది. పెరట్లోకి అప్పలాచారిని పిలిపించింది.

"కాడకి సిన్న ముల్లు పెట్టు తాతా. రేకుల సుట్టుకి గాడి కొయ్యి. ఇలగ. గాడిలో ముల్లు కూకుంటే ఇంకెటూ తిరగదు."

ముసలాయన లాంతరు చేతిలోకి తీసుకుని పకపకా నవ్వాడు. గౌరి మొహంలో నవ్వు రాలేదు. ఆయన అది చూసి తన నవ్వు ఆపేశాడు.

ఆ ఏడాది మొదలుకుని కాశీవిశ్వనాథం కొట్టుకు అవే కమ్మల కోసం జనం రావడం ఎక్కువయింది. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో పొగ కొట్టుకుపోయి దిగేవారు. విజయనగరంలో వీణ నేర్పే పంతులు గారి భార్య జగదీశ్వరి, తమ పిల్ల కచేరీకి కూచుంటే దూరానికి కూడా కనిపించేలాగ వెడల్పు రేకులు కావాలంది. గౌరి ఒక్కొక్కరికి ఒక్కోలా గీసేది. నల్లటి మొహానికి పచ్చరాళ్ల కొసలు, గుండ్రటి మొహానికి కోసుగా ఉండే రేకులు, ముసలివాళ్లకు రాళ్లు లేని ఒట్టి బంగారు చుట్టు. కొందరికి మెడలో అడ్డిగకు మధ్య బిళ్ల కూడా ఇలాగే మారేటట్టు చేయించింది. ఊళ్లో వాటిని గౌరి కమ్మలు అనేవారు. పేరు ఎప్పుడు పుట్టిందో ఆమెకు తెలీదు. అత్తగారు చెబితే, "అలగా?" అని ఊరుకుంది.

పని బాగుందని ఎవరైనా అంటే ఎటు చూడాలో ఆమెకు తెలిసేది కాదు. చెయ్యి గీస్తున్నంతసేపు తక్కినదంతా దూరంగా ఉండేది. గీత ఆగితే మళ్లీ దగ్గరకు వచ్చేది. అది దుఃఖం కాదు, చెవిలో నీళ్లు పోయినప్పటి నిశ్శబ్దంలాంటిది. రాత్రుళ్లు మొగుడి మొహం గుర్తు చేసుకుందామని చూసేది. మీసం గుర్తుకొచ్చేది, కళ్లు గుర్తుకొచ్చేవి, అన్నీ విడివిడిగా. కలిపితే వేరే ఎవరో అయ్యేవాడు.

యుద్ధం అయిపోయిన మరుసటేడు ఎండలు ముదిరాక జగన్నాథం అనే ఆయన వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. రంగంలో బియ్యం మిల్లులో గుమస్తాగా ఉండేవాడట. కొండలు దాటాక జబ్బుపడి కలకత్తాలో ఉండిపోయాడట. అరుగు మీద కూచుని, ఇచ్చిన మజ్జిగ తాగకుండా పక్కన పెట్టాడు.

"మీ అబ్బాయి, నేను కలిసే నడిసినాం బాబూ. అరకాను కొండల మీద వాంతులు పట్టుకున్నాయి. ఒక పగలూ ఒక రాత్రీ. నా ఒళ్లోనే పోనాడు. నేనే మట్టి కప్పినాను. వెంటనే వచ్చి సెబుదామంటే నాకే లేవడానికి ఓపిక నేదు."

"ఏ మాసం?" అన్నాడు కాశీవిశ్వనాథం.

"పాల్గుణం."

గౌరి తలుపు దాటి మొదటిసారి అరుగు మీదకు వచ్చింది. చేతిలో పలక అలాగే ఉంది.

"నీళ్లు దొరికినాయా?" అని అడిగింది.

"దొరికినాయమ్మా. వాగు దగ్గర. నేనే పోసినాను. తాగినాడు."

గౌరి తలూపి లోపలికి వెళ్లింది. అంటే నాలుగేళ్లుగా తను వితంతువే. ఈ మాట తనకు తనే చెప్పుకుని, దానికి ఏం జరుగుతుందో చూసింది. ఏమీ జరగలేదు.

పదో రోజున ముత్తైదువులు లేని వేళ చూసి అత్తగారు కోడలి నగలు తీయడానికి కూచుంది. గాజులు తీసింది. చెవి కమ్మల దగ్గరికి వచ్చేసరికి ఆవిడకు మర పట్టు దొరకలేదు. ఎటు తిప్పాలో తెలీక ఆగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పట్టుకుంది. "నువ్వుండత్తా," అని గౌరి తనే విప్పి ఆవిడ చేతిలో పెట్టింది. మరలు విప్పడం ఆమె చేతులకు బాగా తెలుసు.

తరవాత నెల్లో లక్ష్మణమ్మ వచ్చింది. ఆవిడ మనవరాలికి పెళ్లి. పెళ్లికూతురి కమ్మలు అప్పటికే సగం గీసి ఉన్నాయి. లక్ష్మణమ్మ కొట్టులో కూచోలేదు, నిలబడే మాట్లాడింది.

"తప్పుగా అనుకోకండి అన్నయ్యా. ఆ పిల్లంటే నాకేటి కోపం? కానీ పెళ్లి నగ. ఇంకెవరి సేతనైనా గీయించండి."

కాశీవిశ్వనాథం తల దించుకున్నాడు. తలుపు వెనక గౌరి పలక మీది గీతను అరచేత్తో తుడిచేసింది. అలా అనడం సబబే అనుకుంది. తనకు అడ్డుపడాలని కూడా అనిపించలేదు.

అప్పుడు పరమేశ్వరమ్మ కొట్టులోకి వచ్చింది. కొడుకు పోయిన కబురు తెలిసినప్పటినుంచీ ఆవిడ గొంతు ఇంట్లో వినపడడం లేదు. మగాళ్లున్న కొట్టులోకి ఆవిడ రావడమే వింత.

"సూడు లక్ష్మణమ్మా. నా కొడుకు పోయి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లూ నా కోడలు గీసినవే గదా మీరంతా పెట్టుకున్నారు? నీ సిన్నకోడలు అవెట్టుకునే పెళ్లి పీటలెక్కింది. ఇద్దరు కొడుకుల్ని కన్నాది. ఏటయ్యింది? మనకి తెలీలేదు గానీ దేవుడికి తెలీదేటి?"

"తెలీక సేసింది వేరు వొదినా..."

"తెలీక సేస్తే సల్లగా ఉన్నారు. తెలిసి సేస్తే ఏటవుతాది? నువ్వే సెప్పు."

లక్ష్మణమ్మ కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. పెళ్లి నగలు విజయనగరంలో చేయించిందని తరవాత తెలిసింది.

అలా పోయినవాళ్లు పోయారు. కొందరు మానలేదు. కొందరు కొట్టుకు వచ్చి, ఎవరు గీశారని అడగకుండా, అప్పలాచారి వైపే చూస్తూ మాట్లాడి కొనుక్కుపోయేవారు. ఒకనాటి పొద్దున్న కాశీవిశ్వనాథం కొత్త పలక తెచ్చి వెనక గదిలో పెట్టాడు, అంతే. గౌరి మళ్లీ గీయడం మొదలుపెట్టింది. పని తగ్గిందన్న బాధ లేదు, ఉందన్న సంతోషమూ లేదు. మధ్యాహ్నాలు గడిచేవి.

రెండేళ్ల తరవాత సాలూరు నుంచి గున్నమ్మ అనే ఆమె వచ్చింది. మొగుడికి సొంత లారీ ఉంది. దాని ముందు సీట్లో కూచునే వచ్చింది. కొట్టులో మాట్లాడి ఊరుకోలేదు. తలుపు తోసుకుని వెనక గదిలోకి వచ్చి చాప మీద చతికిలబడింది.

"నువ్వేనేటి గౌరమ్మవి? ఓలమ్మ, ఇంత సిన్నపిల్లవా! నాకు జడబిల్ల కావాలమ్మా. రేకులు మారేది. పండక్కి ఒకటి, పెళ్లికి ఒకటి. కానీ మా లారీలో కూకుంటే తల టపటపా కొట్టుకుంటాది. ఊడిపోకూడదు."

"నాను పెళ్లి నగలు గీయకూడదంటారు," అంది గౌరి.

"ఎవులు? నన్నెవులూ అడగనేదే." గున్నమ్మ చుట్టూ చూసింది. "మీ ఆయన రంగంలో పోనాడంట గదా. ఎలగుండేవోడు?"

ఈ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఎలా పోయాడని అడిగారు, ఎక్కడ పోయాడని అడిగారు.

"కారం తినలేకపోయేవోడు," అంది గౌరి. "పులుసులో మిరపకాయ కనిపిస్తే నా కంచంలో యేసేసేవోడు. మా అత్త సూడకుండా." ఆపైన ఇంకేదో చెప్పబోయి, ఏమీ గీయని పలకను కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు మాత్రం రాలేదు.

గున్నమ్మ ఓదార్చలేదు. చెంబులో నీళ్లు ముంచి ఇచ్చింది. గౌరి తాగింది.

"జడ ఇటు తిప్పు," అంది తరవాత. గున్నమ్మ వెనక్కి తిరిగి కూచుంది. గౌరి ఆమె జడను చేతిలోకి తీసుకుని, వెంట్రుకలు ఎంత బరువున్నాయో, బిళ్ల ఎక్కడ కూచుంటే కుదుపుకు ఊడదో చూసింది. కమ్మలకు పెట్టినట్టు ఒక్క మర సరిపోదు. రెండు వైపులా పట్టుండాలి.

"ఆ ఎడంపక్క ఇంకాస్త పైకి అల్లుకోవాల," అంది. "ఆచారి తాతని పిలు."