ఏటి చప్పుడు వినిపించిన యాంప్లిఫయర్

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు మొదటినుంచీ నవ్వే. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పేది నేనొక్కడినే విని ఉంటే ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. మా ఆవిడ కూడా విన్నది.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో పామిడిలో, పెన్న ఒడ్డున అద్దెకుండేవాళ్ళం. ఒడ్డంటే పేరుకే. కనుచూపు మేరా ఇసుక.

నా క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను గానీ, దాంట్లోంచి నేరుగా వింటే పాట రేకుడబ్బాలో మోగినట్టుండేది. బెంగళూరులో ఆడియో షాపు నడిపే స్నేహితుడు “చదివి కొనొద్దు, విని కొను” అని ఒక డాక్, రెండు యాంప్లిఫయర్లు పంపాడు. డాక్ అంటే కంప్యూటర్లోని అంకెలను మళ్ళీ పాటగా మార్చే చిన్న పెట్టె. యాంప్లిఫయర్లలో ఒకటి ట్రాన్సిస్టర్లది, ఇంకొకటి పాతకాలపు రేడియోల్లో మాదిరి గాజు వాల్వులది. నచ్చింది ఉంచుకుని రెండోది వెనక్కి పంపాలి.

ట్రాన్సిస్టర్లది ప్రతి స్వరాన్నీ విడదీసి చూపించింది. వాల్వులది మెత్తగా, సగం నిద్రలో విన్నట్టు పలికింది.

వాల్వులది పెట్టిన మొదటి మధ్యాహ్నం వీణ వింటున్నాను. ఇంటి ముందు పోతున్న గొర్రెల మంద ఆగిపోయింది. ఒక్కొక్కటే మా గోడవారన పడుకుని, కళ్ళు సగం మూసి నెమరు వేయసాగాయి. గడ్డిపరక దొరకని ఏడాది అది. మంద తోలే ఓబులేసు కిటికీ దగ్గరికొచ్చాడు.

“సార్, ఏరొస్తాండాదా?”

“ఏ ఏరప్పా?”

“నీళ్ళ సప్పుడు సార్. మీకు యినపడల్యా?”

నాకు వీణ తప్ప ఏమీ వినపడలేదు. మరునాడు అదే వీణ ట్రాన్సిస్టర్లదానిలో పెట్టాను. మంద తలెత్తకుండా పోయింది. డాక్ తీసేసి వాల్వులది పెట్టినా అంతే. రెండూ కలిస్తేనే ఆగేవి. మన చెవికందని ధ్వని జంతువులకు అందుతుంది, సరే. ఓబులేసుకెలా అందింది?

చివరికి ట్రాన్సిస్టర్లదే ఉంచుకుందామనుకుని, వాల్వులదాన్ని అట్టపెట్టెలో సర్దేశాను. ఆ మధ్యాహ్నమే ఓబులేసు వచ్చాడు.

“రేపు మందను సంతకు తోల్తాండా సార్. కోతకే పోతాయి. మేత యాడుండాది? ఒక్క తూరి ఆ పెట్టె పెట్టు. నెమరేసుకోనీ పాపం.”

పెట్టె విప్పి, వీణ పెట్టి, నేనూ వెళ్ళి అరుగు మీద అతని పక్కన కూర్చున్నాను. గొర్రెలు పడుకున్నాయి. ఎండలో అంతా నెమ్మదించింది. వీణ ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు, ఎందుకంటే అప్పటికి నాకూ వినపడుతోంది. ఎండిన ఇసుక మీద నీళ్ళు పాకుతూ వచ్చే చప్పుడు. దూరంగా, వెడల్పుగా, తొందర లేకుండా. ఏటివైపు చూశాను. ఇసుకే.

“కరెంటు పోయి ఎంతసేపాయ, మీరిద్దరూ ఏం వింటాండారు?” అంటూ మా ఆవిడ బయటికొచ్చింది. వచ్చి, తలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

లోపలికెళ్ళి చూశాను. కంప్యూటర్ తెర నల్లగా ఉంది. మోగేటప్పుడు ముట్టుకోలేనంత కాలే వాల్వుల మీద వేలు పెట్టాను. చల్లగా ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి చప్పుడు సన్నగిల్లుతోంది. పూర్తిగా పోయాక గొర్రెలు వాటంతటవే లేచాయి. ఓబులేసు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“మందను అమ్మను సార్. కాలువ దిక్కు తోలుకపోతా. యాడో ఒక చోట నీళ్ళుంటాయి.”

తెల్లారి మందతో వెళ్ళిపోయాడు.

నేను ట్రాన్సిస్టర్లదాన్ని వెనక్కి పంపాను. ఎందుకని స్నేహితుడు అడిగితే, వాల్వులది మెత్తగా ఉందన్నాను.

వానలు పడ్డాక ఓబులేసు తిరిగొచ్చాడు. మందలో కొత్త పిల్లలున్నాయి. అప్పుడు అదే డాక్, అదే వాల్వులు, అదే వీణ మోగుతోంది. గొర్రెలు ఆగలేదు. అతను మాత్రం కిటికీ దగ్గర కాసేపు నిలబడి, “పాట బాగుండాది సార్” అని వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం మేము ముగ్గురం విన్నదేమిటో ఈనాటికీ నాకు అర్థం కాలేదు.