పీపా తగ్గిన నలభై ఆరు కిలోలు

మా గోడౌన్‌లో అతన్ని అందరూ పీపా అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. అందులో వెటకారం ఉందని ఒప్పుకుంటాను. బస్తాల మూతులు కుట్టడం అతని పని. పైనుంచి స్ప్రింగుకు వేలాడే కుట్టు మెషిన్ను ఒక చేత్తో కిందికి లాగి, రెండో చేత్తో గోనె అంచు మడిచి, ఒక్క విసురులో కుట్టి వదిలేవాడు. ఇరవై ఏళ్లుగా అదే చోట, అదే పని. స్టూళ్లు మాత్రం ఏడు మారాయి. ఏడోదాన్ని ఇనుప గొట్టాలతో ప్రత్యేకంగా వెల్డింగ్ చేయించారు.

నేను అతని పక్కనే, కాటా దగ్గర కూర్చుంటాను. ముప్పై నాలుగేళ్లుగా తూకం నాదే. లారీ డ్రైవర్లు వెనకాల నన్ను 'గ్రాము' అంటారని నాకు తెలుసు. వంద గ్రాములు తేడా వచ్చినా బస్తా దింపించి మళ్లీ తూయిస్తానని వాళ్లకు మంట. మండనీ. ప్రతి సోమవారం ఇరవై కిలోల రాళ్లు ఐదు పెట్టి కాటా సరిచూసుకోందే నేను టీ కూడా తాగను. మా యజమాని ఒకసారి కొనే సరుకుకు ఒక తూకం, అమ్మే సరుకుకు ఇంకో తూకం చూడమని కళ్లతో సైగ చేస్తే, తాళాలు ఆయన బల్ల మీద పెట్టి ఇంటికి పోయాను. మూడు రోజులకు మనిషిని పంపి పిలిపించుకున్నాడు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత నేను చేసిన పని ఎంత సిగ్గుమాలినదో అర్థం కావాలంటే ముందు ఇది తెలియాలి.

పీపాకు ఉన్నది ఒక్క అక్క. తల్లి పోయేనాటికి అతనికి ఎనిమిదేళ్లు, ఆమెకు పదహారు. రెండు గదుల ఇంట్లో ముందు గదిలో కుట్టు మిషన్ వేసుకుని బట్టలు కుట్టి అతన్ని పెంచింది. పెళ్లి మాట ఎత్తితే "వీడికి ఎవరు వండిపెడతారు?" అని కొట్టిపారేసేదట. తను తిన్నా తినకపోయినా తమ్ముడి కంచం మాత్రం రెండోసారి నింపేది. తల్లి లేని పిల్లాడు ఆకలితో లేచాడనే మాట ఎవరూ అనకూడదని ఆమె పంతం. ఆ పంతం అతని ఒంట్లో పేరుకుని నూట నలభై ఒక్క కిలోలైంది.

ఆమెకు యాభై దాటాక కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి పోయి, ఎడమ చేతికి సూదులు గుచ్చించుకుని, నాలుగు గంటలు డయాలసిస్ మీద పడుకోవాలి. పీపా కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. అన్నీ కలిశాయి, బరువు ఒక్కటి తప్ప. పెద్ద డాక్టరు అతన్ని కిందికీ పైకీ చూసి, "ఈ బరువుతో కోస్తే మీకే ప్రమాదం. తొంభై ఐదుకు దిగండి, అప్పుడు ఆపరేషన్ సంగతి మాట్లాడదాం" అన్నాడట. మర్నాడు పొద్దున షట్టరు తీసేసరికి పీపా నాకంటే ముందొచ్చి నిలబడి ఉన్నాడు.

"అన్నా, రోజూ పని మొదలయ్యే ముందు నన్నొకసారి తూస్తావా? ఇంట్లోకి చిన్న మిషన్ కొన్నాను. అది నూట ఇరవై దాటితే అంకె చూపించట్లేదు. రెండు గీతలు గీసి ఊరుకుంటోంది."

"గీతలైనా గీసింది. భయపడి పారిపోలేదు" అన్నాను.

అతను నవ్వలేదు. విషయం మొత్తం చెప్పాడు. విన్నాక నాకూ నవ్వు రాలేదు. చెప్పులు విప్పించి, జేబులు ఖాళీ చేయించి కాటా ఎక్కించాను. అంకెలు కనిపించే పెట్టె నా బల్ల మీద నా వైపు తిరిగి ఉంటుంది. కాటా మీద నిలబడ్డవాడికి దాని వీపే కనిపిస్తుంది. "నూట నలభై ఒకటి, రెండు వందలు" అని పైకి చదివాను. నా నోటితో చెప్పిన అంకెను అతను సుద్దముక్కతో పక్కనున్న స్తంభం మీద రాశాడు.

ఆ రోజే నేను అతనికి ఒక మాట చెప్పాను. "చూడు, సరుకును ఎప్పుడూ ఒక్క కాటా మీదే తూయాలి. రెండు కాటాలెక్కితే రెండు అంకెలొస్తాయి, ఏది నమ్మాలో తెలీక తన్నుకు చస్తాం. ఆసుపత్రిలో కనిపించింది కదా అని అక్కడెక్కకు, ఫార్మసీలో కనిపించింది కదా అని అక్కడా ఎక్కకు. తూగితే దీని మీదే తూగు." మా వృత్తిలో ఇది మొదటి పాఠం. అతను బుద్ధిగా తలూపాడు, చివరిదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

మొదటి నాలుగు నెలలు బరువు మంచులా కరిగింది. ఆసుపత్రిలో ఇచ్చిన తిండి చార్టు చూసి తినేవాడు. పని అయ్యాక గోడౌన్ చుట్టూ గోడ వెంబడి నడిచేవాడు. మొదట మూడు చుట్లకే ఆయాసపడి బస్తాల మీద కూలబడ్డ మనిషి, తర్వాత ముప్పై చుట్లు తిరిగేవాడు. పొద్దున్నే హమాలీలు బస్తా దించకుండానే "ఎంత పడింది?" అని అరిచేవారు. నేను అంకె చెబితే ఈలలు వేసేవారు. స్తంభం మీద సుద్ద అంకెలు మనిషి ఎత్తు దాటి పైకి పోయాయి. చివరికి నేనే ఒక పాత రిజిస్టరు ఇచ్చి అందులో రాయమన్నాను.

ఇంట్లో అక్క నెలకోసారి అతని చొక్కాలు విప్పి, పక్కలు లోపలికి పట్టి మళ్లీ కుట్టేది. ఆమెకూ అంకెలున్నాయి. డయాలసిస్‌కు ముందొకసారి, తర్వాతొకసారి తూస్తారు. ఒంట్లో చేరిన నీరంతా లాగేస్తే రెండు కిలోలు దిగుతుంది. "నువ్వు మూడు వారాలు మాడి తగ్గేది నేను నాలుగు గంటల్లో తగ్గుతున్నాను చూడరా" అనేదట. పీపా ఈ మాట నాకు చెప్పి నవ్వేవాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకునేవాడు. ఒక ఇంట్లో ఇద్దరు. ఒకరు కొలిచిన తిండి తింటారు, ఇంకొకరు కొలిచిన నీళ్లు తాగుతారు. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొచ్చేవాళ్లు.

తొమ్మిదో నెలలో నూట ఎనిమిది దగ్గర బరువు మొండికేసింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఇరవై రెండు రోజులు. చార్టులో ఉన్నదాంట్లోనూ సగం మానేశాడు. నడక రెట్టింపు చేశాడు. రెండు రోజులు ఉత్త నీళ్ల మీద ఉండి, కళ్లు తిరిగి మెషిన్ సూది వేలిలో దింపుకున్నాడు. అయినా అంకె కదల్లేదు. ఇరవై మూడో రోజు పొద్దున కట్టు కట్టిన వేలితో వచ్చి కాటా పక్కన నిలబడ్డాడు, ఎక్కలేదు.

"అన్నా, ఈరోజు కూడా ఇంతే ఉంటే సాయంత్రం అక్కకి చెప్పేస్తాను. నా మీద ఆశ పెట్టుకోవద్దని. ఇక నా వల్ల కాదు."

"ముందెక్కు" అన్నాను.

ఎక్కాడు. నూట ఎనిమిది, నాలుగు వందలు. నిన్నటికంటే రెండు వందలు ఎక్కువ. నేను తలెత్తి అతని ముఖం చూశాను. తప్పంతా అక్కడే జరిగింది. తూకం వేసేవాడు అంకెను చూడాలి గానీ ముఖాన్ని చూడకూడదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ రైతు ఏడ్చినా, ఏ డ్రైవరు కాళ్లు పట్టుకున్నా వంద గ్రాములు అటూ ఇటూ చేయని నేను, "నూట ఏడు, ఆరు వందలు" అన్నాను.

పీపా ముఖం చేటంతైంది. కాటా దిగి నన్ను వాటేసుకున్నాడు. హమాలీలు ఈలలేశారు. ఎనిమిది వందల గ్రాములే కదా, రెండు వారాల్లో అతని అసలు బరువు నా అబద్ధాన్ని అందుకుంటుంది, అప్పటిదాకా అదే అంకె చెబుతూ నెట్టుకొద్దాం అనుకున్నాను. కానీ నాలుగు రోజులు ఒకే అంకె చెబితే పాత ముఖం మళ్లీ వచ్చేసేది. ఐదో రోజు ఇంకో రెండు వందలు కొట్టేసేవాణ్ణి. నిజంగా తగ్గుతూనే ఉన్నాడు, కానీ నేను చెప్పినంత తగ్గలేదు. నాకు నిద్ర పట్టేది కాదు. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. ఒక అబద్ధం ఒప్పుకోవాలంటే అన్నీ ఒప్పుకోవాలి. నాకు అంత ధైర్యం లేకపోయింది, ఉన్న మాట ఇదే.

డెబ్బై ఆరు రోజుల తర్వాత ఒక మంగళవారం "తొంభై నాలుగు, తొమ్మిది వందలు" అని చదివాను. పెట్టె మీద ఉన్నది తొంభై ఎనిమిదిన్నర. అతను రిజిస్టరులో అంకె చుట్టూ సున్నా చుట్టి, నా చేతులు పట్టుకుని, "రేపు ఆసుపత్రికి నువ్వూ రావాలన్నా. ఇదంతా నీ చేతి మీదుగానే జరిగింది" అన్నాడు. వెళ్లాను. ఆసుపత్రి కాటా ఏదైనా తప్పు చూపిస్తే బాగుండునని దారి పొడవునా కోరుకుంటూ వెళ్లాను. తూకం వేసేవాడు కోరుకోవాల్సిన కోరికేనా అది!

నర్సు అతన్ని ఎక్కించి, "తొంభై ఎనిమిదిన్నర" అంది.

పీపా నవ్వాడు. "మీ మిషన్ సరి చూసుకోండి సిస్టర్. మా కాటా మీద నిన్ననే తూగాను."

నర్సు రెండోసారి ఎక్కించింది. అదే అంకె. పీపా గొంతు పెంచాడు. "మీకు తెలీదమ్మా, ఈయన ఎవరనుకుంటున్నారు? ముప్పై ఏళ్లుగా తూకం వేస్తున్నాడు. ఈయన నోట్లోంచి గ్రాము తేడా రాదు. మిషన్ మార్చి చూడండి!" అంటూ రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పి ఆమెకు చూపిస్తున్నాడు. వరండాలో జనం ఆగి చూస్తున్నారు. కుర్చీలో కూర్చున్న అక్క మాత్రం నన్నే చూస్తోంది.

"మిషన్ సరిగానే ఉందిరా" అన్నాను. "నేనే తగ్గించి చెప్పాను."

అతనికి ఆ మాట వెంటనే ఎక్కలేదు. "ఎంత?" అన్నాడు చివరికి.

"మూడు కిలోల ఆరు వందలు. డెబ్బై ఆరు రోజుల నుంచి."

అక్క కుర్చీలోంచి మెల్లగా అంది. "నాకు అనుమానంగానే ఉంది అన్నయ్యగారూ. నడుము దగ్గర టేపు వీడు చెప్పినంత తగ్గట్లేదు, వీడేమో రోజుకో అంకె చెబుతున్నాడు. వాడి సంతోషం చూసి నేనూ నోరు మూసుకున్నాను. తప్పు మీ ఒక్కరిదే కాదు." ఆవిడ నన్ను నాలుగు తిట్టినా నా ప్రాణం కుదుటపడేది.

డాక్టరు అందరినీ ఒకే చూపుతో చూసి, ఆరు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నాడు.

మర్నాడు పీపా మామూలు వేళకే వచ్చాడు. అంకెల పెట్టెను తన వైపు తిప్పుకుని కాటా ఎక్కాడు, తనే చదువుకున్నాడు, తనే రాసుకున్నాడు. "కాస్త జరుగుతారా?" అన్నాడు నాతో. ఇరవై ఏళ్లలో అతను నన్ను మీరు అనడం అదే మొదలు. ఒక్క మాట తిట్టలేదు. ఆ రోజంతా నేను తూసిన ప్రతి బస్తానూ రెండుసార్లు తూశాను.

నాలుగో వారంలో అక్కకు జ్వరం వచ్చింది. డయాలసిస్ సూదులు గుచ్చే చోట చీము పట్టి రక్తంలోకి పాకిందన్నారు. ఐసీయూలో చేర్చారు. పీపా రాత్రంతా ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని పొద్దున్నే గోడౌన్‌కు వచ్చి, కాటా ఎక్కి, అంకె రాసుకుని మళ్లీ ఆసుపత్రికి పోయేవాడు. ఇక ఎందుకురా అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. తొమ్మిదో రోజు కాటా మీద చాలాసేపు నిలబడిపోయాడు. నేను లేచి వెళ్లి అతని భుజం మీదుగా చూశాను. తొంభై నాలుగు, తొమ్మిది వందలు. అబద్ధంగా నేను ఏ అంకె చెప్పానో, నిజంగా అదే అంకె.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. నేను వెనకాలే వెళ్లాను. ఐసీయూలో అక్క నోట్లో గొట్టం ఉంది, కళ్లు మూసే ఉన్నాయి. అతను వంగి ఆమె చెవిలో ఆ అంకె చెప్పాడు. వినపడలేదేమోనని రెండోసారి, మూడోసారి చెప్పాడు. చివరికి నర్సు వచ్చి బయటికి పంపింది. రెండు రోజులకు ఆమె పోయింది.

పదిహేను రోజుల తర్వాత అతను పనిలోకి వచ్చాడు. చొక్కా మళ్లీ వదులైంది, లోపలికి పట్టి కుట్టేవాళ్లు లేరు. మధ్యాహ్నం హమాలీలు భోజనాలకు పోయాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. క్షమాపణ మాటలు ఎన్ని రోజులుగానో కూర్చుకుని ఉన్నాను, అతనే ముందు మొదలుపెట్టాడు.

"అన్నా, ఆ రోజు నువ్వు నిజం చెప్పుంటే నేను ఆ సాయంత్రమే మానేసేవాణ్ణి" అన్నాడు. "అక్క ఆ కాస్త ఆశతో కూడా బతికేది కాదు. నీ వల్లే అంతదూరం వచ్చాను. ఆవిడకి ఆ జ్వరం ఎలాగూ వచ్చేదేనన్నారు డాక్టర్లు. మనసులో పెట్టుకోకు."

అని వెళ్లి స్టూలు మీద కూర్చుని మెషిన్ కిందికి లాగాడు.

ఆ మాట నిజమే అయి ఉండొచ్చు. లేదా ఆ పొద్దున నేను అతని ముఖం చూసి చేసిన పనే, ఇప్పుడతను నా ముఖం చూసి చేసి ఉండొచ్చు. డాక్టర్లు నిజంగా అలా అన్నారా అని అడిగితే తేలిపోతుంది. మూడేళ్లయింది. మా ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. రోజూ అడగాలనుకుంటాను, అడగను.